కారు అద్దాల మీది పాత ఫిల్మ్ తీయడం: జిగురు మిగలకుండా, డీఫాగర్ గీత తెగకుండా

టింట్ ఫిల్మ్ ఊదా రంగుకి తిరిగిందంటే అందులోని డై ఎండకి పాడైపోయిందని అర్థం. బుడగలు లేచాయంటే జిగురు పట్టు వదులుతోందన్నమాట. రెండూ చూసి "ఇది ఎలాగూ ఊడిపోయేదే, గోటితో లాగేస్తే సరి" అనిపిస్తుంది. అక్కడే చాలామంది బోల్తా పడతారు. కొత్త ఫిల్మ్ ఒక్క ముక్కగా వస్తుంది గానీ పాతది రాదు. చాలా ఫిల్ముల్లో రెండు పల్చటి పాలియెస్టర్ పొరలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. లోపలి వైపు గీతలు పడకుండా ఒక పూత, అద్దం వైపు జిగురు. ఏళ్ల తరబడి ఎండ తిన్నాక పొరల మధ్య పట్టు ముందు పోతుంది. లాగితే పై పొర హాయిగా చేతికొస్తుంది, కింది పొర జిగురుతో సహా అద్దానికే ఉండిపోతుంది. మరీ పాతదైతే ఎండిన ఉల్లిపొట్టులా చిన్న చిన్న ముక్కలవుతుంది.

కాబట్టి ఈ పనిలో గురి ఒక్కటే: జిగురు ఫిల్మ్‌తో పాటే రావాలి. అద్దం మీద జిగురు ఎంత తక్కువ మిగిలితే బ్లేడుతో, కెమికల్స్‌తో అంత తక్కువ పని. అది మీరు ఇచ్చే వేడి మీదా, లాగే వేగం మీదా ఆధారపడి ఉంటుంది.

మొదలుపెట్టే ముందు అసలు అది ఫిల్మేనా అని చూసుకోండి. కొన్ని కార్లకి వెనక అద్దాలు కంపెనీ నుంచే నల్లగా వస్తాయి. ఆ రంగు గాజులోనే కలిసి ఉంటుంది, ఎంత గీకినా పోదు. అద్దం కాస్త కిందికి దించి పై అంచు చూడండి. ఫిల్మ్ అయితే అంచుకి ఒకటి రెండు మిల్లీమీటర్ల కిందే ఆగిపోతుంది, గోరు పెడితే మెట్టులా తగులుతుంది. నల్ల గాజు మీద ఫిల్మ్ కూడా వేసి ఉండవచ్చు, దాన్నీ ఇలాగే కనిపెట్టవచ్చు.

సామాను పెద్దగా అక్కర్లేదు. బట్టలకి వాడే స్టీమర్, లేదా హెయిర్ డ్రయ్యర్, లేదా హీట్ గన్. లీటరు నీళ్లలో ఒక టీస్పూను గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన స్ప్రే బాటిల్. ప్లాస్టిక్ బ్లేడ్లు, పక్క అద్దాలకి మాత్రం కొత్త స్టీలు బ్లేడ్లు పెట్టిన స్క్రేపర్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మైక్రోఫైబర్ గుడ్డలు, చేతి గ్లవ్స్. డోర్ ప్యాడ్ మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద తువ్వాలు కప్పండి. పవర్ విండో స్విచ్‌లలోకి సబ్బు నీళ్లు దిగితే ఫిల్మ్ కంటే పెద్ద ఖర్చు తెచ్చుకున్నట్టే. వెనక అద్దం కింద పార్సిల్ ట్రేలో స్పీకర్లుంటే వాటినీ కప్పాలి.

నా ఓటు స్టీమరుకే. ఆవిరి వేడి నూరు డిగ్రీలు దాటదు, అద్దమంతా సమానంగా పరుచుకుంటుంది, తేమ అంచుల నుంచి జిగురులోకి దిగుతుంది. హీట్ గన్‌తో పని వేగంగా అవుతుంది, ప్రమాదమూ ఎక్కువే. ఒకే చోట నిలిపి వేడి చేస్తే ఆ ముక్క వ్యాకోచిస్తుంది, చుట్టుపక్కల గాజు చల్లగానే ఉంటుంది. ఆ లాగుడుకి అద్దం పగులుతుంది. అంచున చిన్న పెచ్చు ఊడిన అద్దం, రాయి తగిలి చుక్క పడిన ముందు అద్దం ఇంకా తేలిగ్గా పగులుతాయి. చలి రోజుల్లో ముందు కారు హీటర్ వేసి అద్దాన్ని గోరువెచ్చగా చేసుకోండి. వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు కొట్టకండి. హీట్ గన్ లేదా డ్రయ్యర్ వాడితే బయటి వైపు నుంచి వేడి చేయడం మేలు. గాజుకి ఆనుకుని ఉన్నది జిగురే కాబట్టి వేడి ముందు దానికి చేరుతుంది, ఫిల్మ్ ముడుచుకుపోదు. గన్‌ను ఊపుతూనే ఉండాలి, రబ్బరు బీడింగ్‌కి దూరంగా ఉంచాలి. చెయ్యి ఆనిస్తే రెండు మూడు సెకన్లకి మించి ఉంచలేనంత వేడి చాలు.

పక్క అద్దం తీరు ఇది. అద్దాన్ని రెండు సెంటీమీటర్లు దించండి, పై అంచు బయటపడుతుంది. ఒక మూలకి మూడు నాలుగు సెంటీమీటర్ల దూరం నుంచి నిమిషం పాటు ఆవిరి పట్టి, ప్లాస్టిక్ బ్లేడు మూలతో ఫిల్మ్‌ను మెల్లగా లేపండి. రెండు వేళ్లకి అందేంత లేచాక అద్దం పైకి ఎత్తేసి, అంచు పొడవునా ఆవిరి పట్టి, పై అంచు మొత్తం ఒక పట్టీలా ఊడదీయండి. ఇక్కడ తొందరపడి ఒక్క మూల నుంచే లాగితే త్రికోణంలా చిరుగుతూ పోతుంది. తర్వాత రెండు చేతులతో పట్టుకుని, ఫిల్మ్‌ను వెనక్కి మడిచి కిందికి లాగాలి, మీ ఒంటి వైపుకి కాదు. ఆవిరి ఎప్పుడూ ఫిల్మ్ అద్దాన్ని వదిలే ఆ గీత మీదే పడుతుండాలి. లాగుతుంటే ఆ గీత దగ్గర జిగురు సన్నటి తెల్ల దారాల్లా సాగడం కనిపిస్తుంది. దారాలు సాగి ఫిల్మ్ వైపు వచ్చేస్తుంటే వేడి సరిపోయినట్టు. పటపట తెగి అద్దం మీదే ఉండిపోతుంటే వేడి చాలలేదు, లేదా మీరు తొందరపడుతున్నారు. ఆగండి, మళ్లీ ఆవిరి పట్టండి.

పై పొర ఒక్కటే వచ్చేస్తోందని గమనించిన క్షణమే లాగడం ఆపాలి. మొత్తం లాగేశాక కింది పొరకి అంచు దొరకడం కష్టం. అక్కడే వేడి చేసి, బ్లేడుని రెండో పొర కిందికి పోనిచ్చి, రెండింటినీ కలిపి పట్టుకుని కొనసాగించండి.

కింది బీడింగ్ లోపలికి దిగిన ఫిల్మ్ ఇంకో తలనొప్పి. ప్లాస్టిక్ కార్డుతో బీడింగ్‌ని లోపలికి నొక్కి పట్టుకుని, ఫిల్మ్‌ను చివరి దాకా తీయాలి. అక్కడ కోసి వదిలేస్తే ఆ ముక్క అద్దం ఎక్కి దిగినప్పుడల్లా లేచి, జిగురుతో బీడింగ్ పాడుచేస్తుంది.

మిగిలిన జిగురు సంగతి. సబ్బు నీళ్లు బాగా కొట్టి ఐదు నిమిషాలు నాననివ్వండి, మధ్యలో ఆరితే మళ్లీ కొట్టండి. పక్క అద్దానికి కొత్త స్టీలు బ్లేడు, సుమారు 30 డిగ్రీల వాలు, ఎప్పుడూ తడి అద్దం మీదే, ముందుకి తోయడమే. వెనక్కి లాగారంటే బ్లేడు కింద ఇరుక్కున్న ఇసుక రేణువు గాజు మీద గీత గీస్తుంది, ఆ గీత ఇక పోదు. కొన్ని టఫెన్డ్ (వేడితో గట్టిపరిచిన) అద్దాల మీద తయారీలోనే అతుక్కుపోయిన అతి సన్నటి గాజు రేణువులుంటాయి. తడి అద్దం మీద వేలి కొసతో తడిమితే గరుగ్గా తగులుతుంది. అలాంటి అద్దానికి స్టీలు బ్లేడు వద్దు, ప్లాస్టిక్ బ్లేడూ ఆల్కహాలే వాడండి. ఆల్కహాల్‌ను గుడ్డ మీద పోసి తుడవాలి గానీ డోర్ ప్యాడ్ మీదికి కారనివ్వకూడదు. అది మండే ద్రవం, కాబట్టి హీట్ గన్ ఆపి, చల్లారాక, తలుపులన్నీ తెరిచి వాడాలి. అసిటోన్, థిన్నర్ జోలికి పోవద్దు. జిగురుని కరిగిస్తాయి గానీ ప్లాస్టిక్‌నీ పెయింట్‌నీ కూడా తినేస్తాయి.

అద్దం చుట్టూ ఉండే నల్ల చుక్కల అంచు మీద జిగురు చుక్కల మధ్య సందుల్లో ఇరుక్కుంటుంది. అక్కడ బ్లేడు వద్దు. ఆల్కహాల్ తడిపి మెత్తటి నైలాన్ బ్రష్‌తో రుద్దండి.

ఇప్పుడు వెనక అద్దం. ఇది వేరే పని అనుకుని మొదలుపెట్టండి. పక్క అద్దం అరగంటలో అయితే దీనికి రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. డీఫాగర్ గీతలు, అంటే అద్దం మీది మంచును వేడితో పోగొట్టే సన్నటి గీతలు, గాజు లోపలి ముఖం మీద అచ్చు వేసిన వెండి కలిసిన పూత. ఫిల్మ్ సరిగ్గా వాటి మీదే అతికి ఉంటుంది. కొన్ని కార్లలో రేడియో యాంటెన్నా గీతలు కూడా ఈ అద్దం మీదే ఉంటాయి. స్టీలు బ్లేడు ఒక్కసారి తగిలినా గీత తెగుతుంది, పొడిగా బలవంతంగా లాగినా ఫిల్మ్‌తో పాటు గీత ఊడొస్తుంది. అందుకే ఇక్కడ పైనుంచి కిందికి కాదు, గీతల పొడవునా అడ్డంగా లాగాలి, పక్క అద్దం కంటే రెట్టింపు ఆవిరి పట్టాలి. ముందుగా ఇంజిన్ ఆన్‌లో ఉంచి పది నిమిషాలు డీఫాగర్ వేస్తే గీతల మీది జిగురు లోపలి నుంచి వెచ్చబడుతుంది. తడి పని మొదలుపెట్టేటప్పుడు డీఫాగర్ ఆపేయాలి. రెండు పక్కలా వైరు వచ్చి కలిసే చిన్న లోహపు పట్టీల దగ్గర, వాటికి తగలకుండా ఫిల్మ్ ముక్కను విడిగా కోసి తీయండి. మిగిలిన జిగురుకి సబ్బు నీళ్లు, ఆల్కహాల్, మెత్తటి గుడ్డ చాలు, అదీ గీతల వెంబడే తుడవాలి.

అమోనియా పద్ధతి గురించి తరచూ అడుగుతుంటారు. నల్ల ప్లాస్టిక్ కవరుని అద్దం ఆకారంలో కోసి, లోపల ఫిల్మ్ మీద అమోనియా కొట్టి, కవరు అతికించి ఎండలో నానబెట్టడం. జిగురు మెత్తబడుతుంది, నిజమే. కానీ మూసిన కారులో ఆ ఆవిరి కళ్లకీ ఊపిరితిత్తులకీ హాని, తోలు సీట్లకీ డ్యాష్‌బోర్డుకీ మరకలు. పొరపాటున బ్లీచ్ కలిసిందా, క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. ఎండలో అదే కవరుని సబ్బు నీళ్లతో అతికించి గంటసేపు ఉంచినా జిగురు బాగానే వదులుతుంది, స్టీమర్ లేనివాళ్లకి నేను చెప్పేది అదే.

అద్దం పూర్తిగా శుభ్రమైందో లేదో కంటితో తేలదు. తడిపి వేళ్లతో నిమరండి, జిగురు ఉన్నచోట వేలు పట్టేస్తుంది. టార్చి లైటు ఏటవాలుగా వేస్తే మిగిలిన మచ్చలూ కనిపిస్తాయి. కొత్త ఫిల్మ్ వేయించాలనుకుంటే ఈ పరీక్ష తప్పనిసరి, ఆవగింజంత జిగురు మిగిలినా దాని చుట్టూ బుడగ లేస్తుంది. అద్దం దించేముందు బీడింగ్ అంచుల్ని కూడా తుడవండి, లేకపోతే అక్కడ చిక్కిన జిగురు మళ్లీ అద్దానికి పూసుకుంటుంది.

చివరగా డీఫాగర్ వేసి, లోపలి నుంచి అద్దం మీద నోటి ఆవిరి వదలండి. గీత పనిచేస్తే దాని వెంట మంచు విడిపోయి అద్దం తేట పడుతుంది. ఒకచోట మాత్రం పట్టీలా మంచు నిలిచిపోతే ఆ గీత తెగిందన్నమాట. మల్టీమీటర్‌ని డీసీ వోల్టులకి పెట్టి, నల్ల ప్రోబ్ కారు బాడీకి ఆనించి, ఎర్ర ప్రోబ్ కొనకి అల్యూమినియం రేకు చుట్టి గీత వెంబడి జరపండి. బాగున్న గీతలో వోల్టేజి ఒక చివర 12 దగ్గర మొదలై, మధ్యలో 6కి వచ్చి, రెండో చివరకి సున్నా వైపు మెల్లగా తగ్గుతుంది. ఒక్కసారిగా పడిపోయిన చోటే తెగిన చోటు. అక్కడ గీతకి పైనా కిందా టేపు వేసి, ఆల్కహాల్‌తో తుడిచి, డీఫాగర్ రిపేర్‌కి అమ్మే వెండి కండక్టివ్ పెయింట్ రెండు మూడు పల్చటి పూతలు వేయండి. పెయింట్ కాస్త ఆరగానే టేపు తీసేసి, 24 గంటలు గడిచాకే డీఫాగర్ ఆన్ చేయండి.