పాత అక్వేరియం హీటర్‌ను చలికాలానికి సిద్ధం చేసిన తీరు

డిసెంబరులో హనుమకొండ ఇగం పట్టిందంటే ఇంట్లో తొట్టి నీళ్లు తెల్లవారేసరికి 20, 21 డిగ్రీలకు దిగుతాయి. గోల్డ్‌ఫిష్‌కు ఆ చల్లదనం ఇబ్బంది కాదు. గప్పీలకు, ఏంజెల్స్‌కు మాత్రం 25, 26 ఉండాలి. ఒక్క రాత్రిలో నాలుగైదు డిగ్రీలు పడిపోతే తెల్లచుక్కల జబ్బుకు దారి ఇచ్చినట్టే. అందుకే సజ్జ మీది 100 వాట్ల పాత గాజు హీటర్‌ను దించాను. తొట్టి 90 లీటర్లది, లీటరుకు ఒక వాట్ లెక్కన సరిపోతుంది.

ప్లగ్గు పెట్టకముందే కిటికీ వెలుగులో గాజు గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ చూశాను. వెంట్రుకంత పగులున్నా గోరుకు తగులుతుంది. లోపల ఆవిరి మసక గానీ నీటి చుక్క గానీ కనిపిస్తే సీలు పోయినట్టే. అలాంటి దాన్ని ఎంసీల్ పూసి వాడొద్దు, పారేయండి. వైరును మూత దగ్గర కొంచెం వంచి చూడాలి, రబ్బరు పెళుసుబారి చిట్లేది అక్కడే. గొట్టానికి పట్టిన బోరునీళ్ల సున్నాన్ని వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో కడిగాను.

అసలు భయం లోపలి థర్మోస్టాట్‌తో. రెండు లోహాలు కలిపి అతికిన పట్టీ వేడికి వంగి కాంటాక్టును విడదీస్తుంది, చల్లబడితే మళ్లీ కలుపుతుంది. కలిసి విడిపోయే ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ పాయింట్లు కాలి గరుకై ఒకరోజు అతుక్కుపోతాయి. ఇక హీటర్ ఆగదు, చేపలు ఉడికిపోతాయి. కాబట్టి ముందు బకెట్‌లో పెట్టి చూడాల్సిందే.

ప్లాస్టిక్ బకెట్‌లో 15 లీటర్ల నీళ్లు పోసి, పైన అడ్డంగా పెట్టిన కర్రకు హీటర్‌ను కట్టి, గాజు బకెట్‌కు ఆనకుండా వేలాడదీశాను. పాత రకం కదా, పూర్తిగా ముంచకూడదు; నీళ్లు గొట్టం మీది గీత దాకానే ఉండాలి, ఎంత వేడి కావాలో పెట్టడానికి తిప్పే మర పైకి ఉండాలి. 15 నిమిషాలు ఆగి స్విచ్ వేశాను. 100 వాట్లతో ఇన్ని నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి పదిన్నర నిమిషాలు లెక్క. బకెట్ నుంచి బయటికి పోయే వేడి వల్ల ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. నీళ్లలో ప్రవాహం లేదు కనుక పైన వేడి, అడుగున చల్లగా ఉంటుంది. అందుకే ప్రతిసారీ ప్లగ్గు తీసి, కర్రతో కలిపి థర్మామీటర్ చూశాను.

మరను 26 అంకె దగ్గర పెడితే ఎర్ర లైటు ఆరింది 29 దగ్గర, మళ్లీ వెలిగింది 27.5 దగ్గర. పాతవాటి అంకెలు ఇంతే, థర్మామీటర్‌నే నమ్మాలి. మరను వడ్లగింజంత వెనక్కి తిప్పడం, ఆగడం, చూడటం. 26కు ఆరే చోట గోళ్లరంగుతో చుక్క పెట్టాను. మరను పూర్తిగా తగ్గించినా లైటు ఆరకపోతే పాయింట్లు అతుక్కున్నట్టు. విప్పి గీకి మళ్లీ వాడొద్దు.

తొట్టిలో ఫిల్టర్ నీళ్లు తగిలే మూలన నిలువుగా బిగించాను, కింది కొస గులకరాళ్లకు తగలకుండా. థర్మామీటర్ ఎదుటి మూలన. ప్లగ్గుకు ఎర్త్ పిన్ను లేదు, అందుకే ఆ బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉండాలి. వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి పోవాలి, అప్పుడు వైరు మీదుగా జారిన చుక్క సాకెట్‌లోకి పోక నేలమీద పడుతుంది.

నీళ్లు మార్చేటప్పుడు ప్లగ్గు తీసి 20 నిమిషాలు ఆగాకే చెయ్యి పెడుతున్నా. వేడి గాజు బయటికొచ్చినా, చల్లనీళ్లు తగిలినా ఠప్పున పగులుతుంది. ఆవిరై నీళ్లు గీత కన్నా దిగినా అదే ప్రమాదం, అందుకే వారానికోసారి నింపుతున్నా. తొట్టిలో పెట్టాక మరను ఒకసారి కదిపితే మర్నాటి దాకా మళ్లీ ముట్టుకోలేదు. పొద్దున 6కు, రాత్రి 10కి చూసి కాగితం మీద రాస్తున్నా: మూడు రోజులుగా 25కూ 26కూ మధ్యే ఉంది.