అరువు కుక్క, అమ్మమ్మగారి మేడ: వైజాగ్ సెలవుల్లో అజిలిటీ సాధన

యూరప్‌లో పెరుగుతున్న మన పిల్లలకు సొంత కుక్క లేకపోయినా అజిలిటీ, అంటే కుక్కను వరుసగా అడ్డంకుల మీదుగా పరుగెత్తించే పోటీ, ఆడే వీలుంది. క్లబ్బులో ఎవరో ఒకరు తమ కుక్కను అప్పగిస్తారు, పిల్ల దానితోనే పోటీకి దిగుతుంది. చిక్కల్లా పోటీకి ముందు ఆరువారాలు విశాఖపట్నంలో గడిచినప్పుడే. ఆ కుక్కను వెంట తేవడం తేలిక కాదు. భారత్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి కుక్క వెళ్ళాలంటే మైక్రోచిప్, రేబీస్ టీకా, టీకా తర్వాత కనీసం 30 రోజులకు రక్తపరీక్ష, ఆపైన 3 నెలలు ఆగడం. బయల్దేరకముందే యూరప్‌లో రక్తపరీక్ష చేయించుకుంటే ఆ 3 నెలలు తప్పుతాయి. అయినా పరాయివాళ్ళ కుక్కను అంత ప్రయాణం చేయించమని అడగడం న్యాయం కాదు.

విమానం ఎక్కేముందు చేయాల్సిన పని ఒకటుంది. కుక్క యజమాని వాడే మాటలన్నీ ఆమె గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి: బయల్దేరడానికి, దూకడానికి, టన్నెల్‌కి (దూరి వెళ్ళే గొట్టం), వీవ్ పోల్స్‌కి (మెలికలు తిరుగుతూ వెళ్ళే కర్రల వరుస), దగ్గరగా మలుపు తిరగడానికి, అన్నిటికన్నా ముఖ్యంగా ఆగిన చోటు నుంచి వదలడానికి. డాగ్‌వాక్ వంతెన దిగే చివర 90 సెంటీమీటర్లు వేరే రంగులో ఉంటుంది. ఆ రంగును తాకకుండా కుక్క గెంతేస్తే 5 తప్పు పాయింట్లు. అందుకే చాలామంది వెనక కాళ్ళు పలక మీద, ముందు కాళ్ళు నేల మీద పెట్టి ఆగడం నేర్పుతారు. పోటీ వేడిలో పిల్ల ఆ వదిలే మాట అర సెకను ముందే అనేస్తూ పోతే, ఇక ఆగక్కర్లేదని కుక్కకు అర్థమైపోతుంది. యజమాని నెలల తరబడి నేర్పింది పోతుంది. అరువు తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టే తిరిగివ్వాలి. పిల్లకు ముందు ఇదే చెప్పండి.

వైజాగ్‌లో సాధనకు పెద్ద సామాను అక్కర్లేదు. 3 మీటర్ల పీవీసీ పైపు కొంటే 1.2 మీటర్ల కడ్డీలు రెండు వస్తాయి. రెండు వైపులా రెండేసి ఇటుకలు పడుకోబెట్టి పేర్చి, పైన కడ్డీ ఊరికే ఆనించాలి. తాడుతో కట్టొద్దు, కాలు తగిలితే పడిపోవాలి. వీవ్ పోల్స్‌కి బదులు ఇసుక నింపిన నీళ్ళ సీసాలు 12, మధ్య దూరం 60 సెంటీమీటర్లు. ఇదంతా మేడ మీద సరిపోతుంది. కోర్సులో మాత్రం ఒక అడ్డంకి నుంచి ఇంకోదానికి 5 నుంచి 7 మీటర్లు ఉంటుంది కాబట్టి వారానికి రెండు రోజులైనా ఖాళీ మైదానానికి వెళ్ళాలి.

కుక్క లేదు కదా అంటారా? కుక్కలా పరుగెత్తడానికి పెద్దమ్మ కొడుకు ఉన్నాడుగా. వాడికి ఒకటే నియమం: మాట వినకు, పిల్ల పాదాలూ భుజాలూ ఎటు చూపిస్తే అటే పరుగెత్తు. కుక్క కూడా ముందు చూసేది ఒంటినే. ఫ్రంట్ క్రాస్‌లో పిల్ల కుక్క వైపు తిరిగి చెయ్యి మార్చుకుంటుంది. వాడి కాలు నేల వదిలేలోపు అది పూర్తి కాకపోతే వాడు తిన్నగా దూకి రెండు మీటర్ల అవతల తిరుగుతాడు. అప్పుడు “ఎటు వెళ్ళమన్నావే?” అని గట్టిగా అడుగుతాడు. కుక్క అలా అడగలేదు, అందుకే ఈ సాధనకు అంత విలువ.

పక్కింటి కుక్క టామీ కూడా కావాలంటే పిల్లనే వెళ్ళి అడగనివ్వండి: “ఆంటీ, పొద్దున్నే అరగంట టామీని తీసుకెళ్ళనా అండీ?” టామీకి తెలుగే వచ్చు, కాబట్టి తెలుగులోనే నేర్పాలి. ఇక్కడ పిల్లలందరూ చేసే పొరపాటు ఒకటుంది. జంప్‌కి ‘దూకు’, టన్నెల్‌కి ‘దూరు’ అంటారు. మొదటి అక్షరం ఒకటే. పరుగులో ఉన్న కుక్క ‘దూ’ వినగానే నిర్ణయించేసుకుంటుంది, రెండో అక్షరం చెవిన పడేసరికి గాల్లో ఉంటుంది. టన్నెల్‌కి ‘గుహ’ అనండి. ఆ మాటలు టామీకే పరిమితం. తిరిగెళ్ళాక క్లబ్బు కుక్కతో దాని మాటలే.

వేసవిలో వైజాగ్ ఉక్క గురించి చెప్పక్కర్లేదు. కుక్క ఒంటి వేడి ఎక్కువగా రొప్పడం వల్లే తగ్గుతుంది. గాలిలో తేమ ఉంటే నాలుక మీది తడి సరిగ్గా ఆవిరి కాదు. పొద్దున ఆరున్నరకల్లా ముగించండి. నాలుక వెడల్పుగా, గరిటెలా వేలాడుతూ నీడ కోసం పక్కకు లాగుతుంటే అక్కడే ఆపి నీళ్ళు పట్టండి. బీచ్‌లో మెత్తని పొడి ఇసుక మీద దూకించొద్దు, కాళ్ళ మీద భారం ఎక్కువ పడుతుంది. అల వెళ్ళిపోయిన గట్టి తడి ఇసుక నడకకు బాగుంటుంది. వీధికుక్కలున్న చోట గొలుసు విప్పకండి. గోరు గీరినా, పన్ను తగిలినా సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ముందుజాగ్రత్త రేబీస్ టీకా యూరప్‌లోనే పూర్తిచేసుకున్న పిల్లలకు కూడా వెళ్ళిన రోజు ఒకటి, మళ్ళీ మూడు రోజులకు ఒకటి, రెండు డోసులు పడాలి. “ఇంట్లో కుక్కేగా” అని ఊరుకోవద్దు. చేతులూ కాళ్ళూ కడుక్కుని లోపలికి రమ్మని అమ్మమ్మ అంటే పిల్ల నొచ్చుకోనక్కర్లేదు, ఆమె మాటే సరైనది.

ఇక యూరప్ తిరిగి వెళ్ళిన మొదటి రెండు రోజులూ కోర్సు పరుగెత్తించకండి. యజమాని ఉండగానే నడక, దానికి ఇష్టమైన బొమ్మతో ఆట, ఆ తర్వాత మూడు నాలుగు జంప్‌లు. రింగులోకి బొమ్మగానీ తిండిగానీ పట్టుకెళ్ళనివ్వరు. అప్పుడు దానికి తెలిసేది పిల్ల గొంతూ కాళ్ళూ మాత్రమే. మూడుసార్లు అడ్డంకి దగ్గర మొరాయిస్తే పోటీ నుంచి తీసేస్తారు కాబట్టి, మొదటిసారి మొరాయించగానే కంగారుపడి అరవకుండా రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ పంపడం మేడ మీదే అలవాటు చేయించండి.

వైజాగ్ వదిలే రోజు టామీకి నేర్పిన మాటలన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాయించి ఆంటీకి ఇప్పించండి. ‘గుహ’ అంటే ఏమిటో ఆవిడకు తెలియాలి కదా.