అమ్మ తిరగేసి చూసిన కుర్తా

"కుట్టు పక్కన అర అంగుళం గుడ్డ కూడా వదలలేదు. కాస్త ఒళ్లు వస్తే విప్పుకోవడానికి ఏముంది?" అంటూ అమ్మ కుర్తాను తిరగేసి నా చేతిలో పెట్టింది.

మాల్‌లో ఆ కుర్తాకు తగిలించిన ధర చీటీ మీద 3,999 కొట్టేసి, కింద ఎర్రగా 1,999 అని ఉంది. రెండు వేలు మిగులుతున్నాయన్న సంబరంలో నేనున్నాను. అమ్మ ఆ చీటీ వైపే చూడలేదు. గుడ్డను వేళ్ల మధ్య నలిపి, దీపం వెలుతురుకు ఎదురుగా పట్టి చూసింది.

కోఠి సుల్తాన్ బజార్‌లో అయితే బేరమాడి, కుదరక నాలుగడుగులు వేస్తే దుకాణదారు వెనక్కి పిలుస్తాడు. అసలు ధర ఆ పిలుపులో తేలుతుంది. మాల్‌లో పిలిచేవారు ఎవరు? పోల్చుకోవడానికి ఉన్నది ఆ కొట్టేసిన అంకె ఒక్కటే, అదీ అమ్మేవాళ్లు వేసిందే. ఇన్నాళ్లూ దాన్నే నమ్మి కొన్నానని తలుచుకుంటే బాధగా ఉంది.

కుర్తా అక్కడే పెట్టేశాం.

అయినా ఈ మధ్యాహ్నం ఎంత బాగుందో! ఎస్కలేటర్ అంటే భయపడే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని మూడో అంతస్తు దాకా వచ్చింది. చల్లగా కూర్చుని గంటసేపు చిన్నప్పటి కబుర్లు చెప్పింది.

ఆటో ఎక్కగానే అడిగింది, "వచ్చే ఆదివారం మళ్లీ వద్దామా?"