బతుకమ్మ పాటలకు ఫ్లాక్, కారులో వినడానికి ఎంపీ3: నా అనుభవం

హన్మకొండలోని మా ఇంట్లో పాటలు మూడు రకాలుగా పోగుపడి ఉన్నాయి. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర అమ్మా, వాడకట్టు ఆడవాళ్లూ పాడుతుంటే నాన్న రికార్డు చేసిన క్యాసెట్లు మొదటివి. ఐనవోలు మల్లన్న జాతరలో పట్టుకొచ్చిన ఒగ్గుకథ కూడా వాటిలోనే ఉంది. తరవాత డబ్బు పెట్టి కొన్న సినిమా పాటల ఆడియో సీడీలు. చివరివి, ఒక్కోదానిలో వందకు పైగా పాటలు కుక్కిన ఎంపీ3 సీడీలు. అన్నిటినీ ఒక హార్డ్ డిస్కులోకి చేర్చే పని నేను తీసుకున్నాను. ఏ ఫార్మాట్‌లో దాచాలన్నది తేలకుండా ఆ పని ముందుకు కదలదు.

లెక్క చూస్తే విషయం తేలిగ్గానే అర్థమవుతుంది. ఆడియో సీడీలో ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 నమూనాలు (ధ్వనిని కొలిచి రాసుకున్న అంకెలు), ఒక్కో నమూనాకు 16 బిట్లు. రెండు చానళ్లు కలిపితే సెకనుకు 1,411 కిలోబిట్లు, అంటే గంటకు 635 ఎంబీ. ఏమీ పోగొట్టకుండా ధ్వనిని కుదించే ఫార్మాట్ ఫ్లాక్. అది దీన్ని చాలావరకు సగానికో, మూడింట రెండు వంతులకో కుదిస్తుంది. విప్పినప్పుడు ఒక్క బిట్టు కూడా తేడా రాదు. ఎంపీ3 దారి వేరు. పెద్ద శబ్దం చాటున ఉన్న చిన్న శబ్దం మన చెవికి ఆనదు కాబట్టి దాన్ని వదిలేస్తుంది. సెకనుకు 128 కిలోబిట్ల బిట్‌రేట్ దగ్గర గంట పాట 58 ఎంబీలో సరిపోతుంది. కానీ వదిలేసింది మళ్లీ రాదు.

సినిమా పాటల విషయంలో నేను పెద్దగా తర్జనభర్జన పడలేదు. సీడీలు చేతిలో ఉన్నాయి, ఒకసారి ఫ్లాక్‌లోకి ఎక్కించేస్తే మళ్లీ వాటి జోలికి వెళ్లే పని ఉండదు. నన్ను ఆపేసినవి బతుకమ్మ పాటలు.

బతుకమ్మ పాటకు వాద్యం చప్పట్లే. ఎంపీ3కి మింగుడుపడనిది సరిగ్గా ఆ శబ్దమే. అది ధ్వనిని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని కుదిస్తుంది. ముక్క మధ్యలో చప్పున ఒక చప్పట్టు పడితే, కుదింపులో పుట్టిన రొద ముక్క అంతటా పరుచుకుంటుంది. తరవాత వచ్చే రొదను చప్పట్టు కప్పేస్తుంది, ముందు వచ్చే రొదను మాత్రం అంతగా కప్పలేదు. అందుకే దెబ్బకు ముందే ఒక సన్నని బుసలాంటిది వినిపించి, చప్పట్టు పదును పోతుంది. ఒగ్గుకథలో తాళాలకూ ఇదే గతి.

చదివినదాన్ని నమ్మి ఊరుకోకుండా చెవులతో పరీక్షించాను. ఫూబార్2000 అనే ఆడియో ప్లేయర్‌లో ఏబీఎక్స్ అనే పోలిక సాధనం ఉంది. ఏది ఏ ఫైలో చెప్పకుండా వినిపించి, మనం గుర్తుపట్టామో లేదో అది లెక్క కడుతుంది. మా మేనల్లుడు మౌస్ పట్టుకుని కూర్చున్నాడు. "మామయ్యా, ఇప్పుడు వినేది ఏనా, బీనా?" అని అడుగుతూ పోయాడు. 128 దగ్గర చప్పట్లలో తేడాను వరసగా పట్టుకోగలిగాను. 320 దగ్గర పట్టుకోలేకపోయాను, వాడూ పట్టుకోలేకపోయాడు. ఫ్లాక్ వింటే గొంతులో తేనె కారుతుందని చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. మంచి బిట్‌రేట్ ఎంపీ3 వినడానికి చాలు.

అయినా క్యాసెట్లను ఫ్లాక్‌లోనే దాచాను. ఆ పాటలు పాడిన గొంతుల్లో కొన్ని ఇప్పుడు లేవు, వాటిని మళ్లీ రికార్డు చేయలేం. రేపు ఎవరైనా టేపు బుసను తగ్గించాలన్నా, వేగం సరిచేయాలన్నా మొత్తం ధ్వని చేతిలో ఉండాలి. ఎంపీ3ని సవరించి మళ్లీ ఎంపీ3గా మారిస్తే ప్రతిసారీ ఇంకొంత అరుగుతుంది. ఫ్లాక్ నుంచైతే ఈనాటి ఎంపీ3 అయినా, 2012లో వచ్చిన ఓపస్ అయినా, రేపు వచ్చే మరో ఫార్మాట్ అయినా నేరుగా తీసుకోవచ్చు. 2001 నుంచి ఫ్లాక్ అందరికీ ఉచితం. 2024లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ ఐఈటీఎఫ్ దాన్ని ఆర్ఎఫ్‌సీ 9639 అనే పత్రంగా ప్రకటించింది కూడా. దాని నిర్మాణం బహిరంగంగా రాసి ఉంది కాబట్టి, ఏ కంపెనీ మూతపడినా దాన్ని చదివే ప్రోగ్రాము రాసుకోవచ్చు.

అసలు శ్రమ మాత్రం ఫార్మాట్‌లో లేదు, టేపులో ఉంది. టేప్‌రికార్డర్ హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచి, దాని పక్కనున్న చిన్న స్క్రూను కొంచెం కొంచెం తిప్పుతూ చప్పట్లు తేటగా వినిపించే చోట ఆపాలి. హెడ్ వాలు తప్పితే ఏ ఫార్మాటూ కాపాడదు. ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాములో 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టి రికార్డు చేశాను. క్యాసెట్‌కు 16 బిట్లే ఎక్కువ. కానీ ఎవరో ఒక్కసారిగా గొంతెత్తి "ఉయ్యాలో" అన్నప్పుడు శబ్దం పగలకుండా లెవెల్ తగ్గించి ఉంచాలంటే ఆ అదనపు బిట్లు పనికొస్తాయి. అలా స్టీరియోలో గంటకు ఒక జీబీ దాటుతుంది. నాన్న టేప్‌రికార్డర్ మోనో, అంటే ఒకే చానల్‌ది కాబట్టి రెండు చానళ్లను ఒకటి చేశాను, సగం మిగిలింది. టేపు బుస ఏ లెక్కకూ అందని శబ్దం కావడంతో, ఫ్లాక్ దాన్ని సీడీ పాటలంతగా కుదించలేదు.

ఎంపీ3 సీడీలను ఎంపీ3గానే ఉంచాను. వాటిని ఫ్లాక్‌గా మారిస్తే సైజు పెరుగుతుందే తప్ప పోయిన శబ్దం తిరిగి రాదు. వరంగల్‌లో ఒక దుకాణంలో ఒరిజినల్ క్వాలిటీ అని చెప్పి పెన్‌డ్రైవ్‌లో ఫ్లాక్ ఫైళ్లు అమ్మారు. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి శబ్దం ఎంత ఉందో చూపే బొమ్మ) తెరిచి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు అంతా ఖాళీ. ఎంపీ3నే ఫ్లాక్‌గా మార్చి అమ్ముతున్నారు. కొనేముందు ఒక్క పాటనైనా ఇలా చూడండి.

ఫ్లాక్ ఫైలులో అసలు ధ్వని నుంచి లెక్కకట్టిన ఎండీ5 అనే సరిచూపు సంఖ్య దాగి ఉంటుంది. దానితో ఏడాదికోసారి ఫైళ్లన్నీ చెడకుండా ఉన్నాయో లేదో సరిచూడవచ్చు. ఒక డిస్కు నా దగ్గర, ఇంకొకటి కరీంనగర్‌లో అక్క దగ్గర ఉన్నాయి. కారుకూ, ఫోనుకూ ఆ ఫ్లాక్‌ల నుంచే ఎంపీ3లు తీసి పెట్టాను. పాత టీవీకి ఎంపీ3 తప్ప మరేదీ పట్టదు కాబట్టి చిన్నమ్మ పెన్‌డ్రైవ్‌లోనూ అవే. ఒగ్గుకథ క్యాసెట్లు ఇంకా కొన్ని మిగిలాయి. వాటి టేపు ముడతలు పడింది, ముందు దాన్ని కొత్త డొక్కులోకి మార్చాలి.