ధమని అంటే మంచి రక్తమా? నా నీట్ ప్రిపరేషన్‌లో ఒక పదం

లాంగ్ టర్మ్‌లో ఉండగా రాసిన ఒక గ్రాండ్ టెస్టులో, గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని ఆమ్లజనిసహిత (ఆక్సిజన్ నిండిన) రక్తాన్ని తీసుకెళ్తుందని బబుల్ చేసి (నిజానికి అందులో ఉండేది ఆక్సిజన్ తగ్గిన రక్తం), రావలసిన 4 మార్కులు పోగొట్టుకోవడమే కాక ఒక నెగెటివ్ మార్కు కూడా మూటగట్టుకున్నాను. ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం అని చిన్న తరగతుల్లో వల్లెవేసిన మాటే నన్ను ముంచింది. దాన్ని వదిలించింది ధమనికి ఇంగ్లిష్ పేరైన ‘ఆర్టరీ’ అన్న పదం పుట్టుక.

గ్రీకులు ‘ఆర్టీరియా’ అనే మాటను శ్వాసనాళానికి కూడా వాడేవారు. చచ్చిన జంతువును కోస్తే రక్తం ఎక్కువగా సిరల్లోనే కనిపించి ధమనులు దాదాపు ఖాళీగా ఉండటంతో, వాటిలో తిరిగేది గాలేనని క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు ఎరాసిస్ట్రాటస్ అంతటివాడు కూడా నమ్మాడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు, బతికున్న జంతువు ధమనిని రెండు చోట్ల దారంతో బిగించి, నడుమ కోసి, లోపల ఉన్నది రక్తమేనని చూపించాడు. పొరపాటు బయటపడినా పేరు మారలేదు. లాటిన్ దాన్ని ఉన్నదున్నట్టే తీసుకుంది. శ్వాసనాళాన్ని విడిగా చెప్పడానికి ‘గరుకు ఆర్టీరియా’ అనేవారు. అందులో గరుకు అనే విశేషణం ఒక్కటే మిగిలి మన ట్రేకియా అయింది. కంఠముడి కింద వేలితో మెల్లగా రాసి చూడండి, మృదులాస్థి ఉంగరాలు మెట్టుమెట్టుగా తగులుతాయి.

తెలుగు మీడియం వాళ్లకూ తప్పించుకునే దారి లేదు: ‘ధమని’ కూడా ఊదడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చినదే. కాబట్టి లోపల ఏముందో పేరును అడగకుండా, దిశను మాత్రమే చూడటం అలవాటు చేసుకున్నాను: గుండె నుంచి బయటికి పోయేది ధమని, గుండెకు తిరిగి వచ్చేది సిర.

బోటనీలోనూ ఇదే కథ నడిచింది. 17వ శతాబ్దంలో మాల్పీగీ అనే ఇటలీ శాస్త్రవేత్త, మొక్కల్లోని మెలికల నాళాలు కీటకాల వాయునాళాలను పోలి ఉన్నాయని వాటికీ ట్రేకియా అనే పేరే పెట్టాడు. అవి మోసేది నీటిని.

అయితే ప్రతి పదం వెనకా ఇలా పడితే సిలబస్ సగంలో ఆగిపోతుంది. నేను తప్పు చేసిన పదాలకు మాత్రమే రఫ్ నోట్సు చివరి పేజీలు కేటాయించాను. ఆ తరువాతి ఒక టెస్టులో పిండం నాభి ధమని మీద ప్రశ్న వచ్చినప్పుడు, ఆప్షన్లు చదవకముందే ప్రశ్నపత్రం మార్జిన్‌లో పిండం గుండె నుంచి జరాయువు (మాయ) వైపు ఒక బాణం గీశాను.