కుక్కకు సప్లిమెంట్ ఎంచుకోవడం: లేబుల్ దగ్గర నేను పడ్డ పాట్లు

మావాడికి వయసు మీద పడింది, పడుకుని లేచేటప్పుడు వెనక కాళ్లు బిగుసుకుంటున్నాయి. కీళ్లవాతమని డాక్టరుగారు తేల్చి, మందుతో పాటు ఫిష్ ఆయిల్ మొదలుపెట్టమన్నారు. చివరికి సరైనది దొరికింది కానీ, ఒక కంపెనీవాళ్ల మీద కోపం ఇంకా చల్లారలేదు. లెక్కలు బుర్రలో ఉండగానే రాసేస్తున్నాను, ఈ దారిలో వచ్చేవాళ్లకు పనికొస్తాయి.

ముందు సులువైన పనులు. కుక్కను తూకం వేయండి, కంటి అంచనా వద్దు. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగులుతున్నాయా, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనపడుతోందా చూడండి. రోజూ పెట్టే తిండి సంచి మీద అది సంపూర్ణ సమతుల ఆహారమని, ఏ వయసు కుక్కకో కూడా రాసి ఉండాలి. వాడుతున్న మందుల చీటీలన్నీ డాక్టరుగారికి చూపించండి.

సంచి మీద ఆ మాట ఉంటే మల్టీవిటమిన్ అక్కర్లేదు. విటమిన్ సి కుక్క కాలేయంలోనే తయారవుతుంది. విటమిన్ డి మాత్రం ఎండలో తిప్పినంత మాత్రాన కుక్కకు సరిపడా రాదు, తిండిలోనే రావాలి. మంచి తిండిలో అది ముందే కలిపి ఉంటుంది. దాని మీద ఇంకా వేస్తేనే ముప్పు. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం 1000 కేలరీల తిండికి విటమిన్ డి 800 ఐయూ (విటమిన్లను కొలిచే అంతర్జాతీయ యూనిట్) దాటకూడదు. 10 కిలోల కుక్క రోజుకు సుమారు 600 కేలరీలు తింటుంది, అంటే దాని హద్దు 480 ఐయూ. మనుషులు వేసుకునే 1000 ఐయూ మాత్ర రోజూ పెడితే, తిండిలో ఉన్నది లెక్కలోకి తీసుకోకుండానే, హద్దుకు రెండు రెట్లు దాటిపోయింది. విటమిన్ డి బాగా ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

పెద్ద జాతి కుక్కపిల్ల కనపడగానే కాల్షియం సీసా చేతిలో పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎదిగిన కుక్క పేగు అవసరమైనంత కాల్షియం తీసుకుని మిగిలింది వదిలేస్తుంది. చిన్న కుక్కపిల్లలకు ఆ అదుపు ఇంకా రాదు, పెట్టిందల్లా చాలావరకు ఒంటికి పట్టేస్తుంది. ఎముకలు, కీళ్లు వంకరగా ఎదుగుతాయి. పైగా కాల్షియం ఎక్కువైతే జింకు ఒంటికి పట్టదు, చర్మం పొలుసులు కడుతుంది. కుక్కపిల్ల తిండి మంచిదైతే కాల్షియం జోలికే వెళ్లొద్దు. ఇంట్లో వండి పెట్టేవాళ్లది దీనికి పూర్తిగా తలకిందులు. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ మెండు, కాల్షియం దాదాపు సున్నా. ఆ కూటితోనే పెంచితే శరీరం కాల్షియం కోసం ఎముకల్ని కరిగించుకుంటుంది. ఎదిగిన కుక్కకు 1000 కేలరీల కూటికి 1 గ్రాము కాల్షియం కావాలి, అంటే రెండున్నర గ్రాముల కాల్షియం కార్బొనేట్. అదొక్కటే వేస్తే సరిపోయిందనుకోవద్దు. రాగి, జింకు, అయొడిన్, విటమిన్ ఇ కూడా లోటుపడతాయి. వంట లెక్క పోషకాహారం తెలిసిన పశువైద్యుల చేత వేయించుకోవాల్సిందే.

ఇక నన్ను ఏడిపించింది ఫిష్ ఆయిల్ లేబుల్. సీసా ముందు వైపు పెద్ద అక్షరాలతో '1000 మి.గ్రా.' అని ఉంటుంది. అది క్యాప్సూల్‌లో ఉన్న నూనె బరువు, అంతే. కీళ్లకు పనిచేసేవి అందులోని ఈపీఏ, డీహెచ్ఏ అనే రెండు కొవ్వు ఆమ్లాలు. మామూలు క్యాప్సూల్‌లో ఈపీఏ 180, డీహెచ్ఏ 120, కలిపి 300 మిల్లీగ్రాములు. మిగతా 700 నూనె కేలరీలకు తప్ప ఈ పనికి రాదు. 'మొత్తం ఒమేగా 3' అన్న అంకెను కూడా నమ్మలేం, అందులో వేరే ఆమ్లాలూ కలిసిపోతాయి. 'ఒమేగా 3-6-9' అని ఉంటే ఇంకా పలచన. పోనీ అవిసె గింజల నూనె వాడదామా అంటే, అందులోని ఒమేగా 3ని ఈపీఏగా మార్చుకునే శక్తి కుక్క ఒంటికి చాలా తక్కువ.

డోసు లెక్క కిలోకు ఇంత అని నేరుగా ఉండదు. కీళ్లవాతానికి పశువైద్యులు వాడే అంకె 310, దాన్ని బరువు ఘాతం 0.75తో గుణించాలి. ఫోన్ కాలిక్యులేటర్‌లో చేసేయొచ్చు: బరువును మూడుసార్లు వేసి గుణించి, వర్గమూలం మీట రెండుసార్లు నొక్కండి. మావాడు 20 కిలోలు. 20×20×20 = 8000, మొదటి వర్గమూలం 89.44, రెండోది 9.46. దాన్ని 310తో గుణిస్తే రోజుకు సుమారు 2930 మిల్లీగ్రాముల ఈపీఏ, డీహెచ్ఏ కలిపి. దాటకూడని హద్దు 370తో గుణిస్తే వస్తుంది, 20 కిలోలకు సుమారు 3500. చర్మం దురదకు వాడే డోసు ఇందులో సగం కన్నా తక్కువ, 125తో గుణిస్తే చాలు. కాబట్టి ఏ జబ్బుకు అన్నది తేలకుండా డోసు తేలదు.

ఇప్పుడు ఆ 2930ని మామూలు క్యాప్సూల్ 300తో భాగించండి. దాదాపు పది వస్తుంది, అంటే రోజూ పది గ్రాముల నూనె, 90 కేలరీలు. రోజుకు 1000 కేలరీలు తినే కుక్కకు ఇది తొమ్మిది శాతం. తిండి అంత మేర తగ్గించకపోతే బరువు పెరుగుతుంది, కీళ్ల మీద భారం పెరుగుతుంది, అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది. అందుకే గాఢత ఎక్కువున్న నూనె కావాలి. ఒక్కో క్యాప్సూల్‌లో రెండూ కలిపి 600 ఉంటే ఐదుతో సరిపోతుంది.

కుక్కల కోసమే అమ్మే ఒక పంపు సీసా మీద ఈ రెండు అంకెలూ లేవు. 'శుద్ధమైన సముద్ర చేపల నూనె, పది కిలోలకు ఒక పంపు' అని మాత్రం ఉంది. ఒక పంపుకు ఎన్ని మిల్లీలీటర్లో, అందులో ఈపీఏ, డీహెచ్ఏ ఎంతో చెప్పమని కంపెనీకి రాశాను. సీసా వెనక ఉన్నదే మళ్లీ పంపారు. ఫోన్ చేస్తే ఒక ప్రతినిధి, "అందరూ వాడుతున్నారండీ, ఎవరూ ఇలా అడగలేదు" అన్నాడు. నేను వదల్లేదు. "కుక్కకే కదండీ, అంత లెక్క దేనికి?" అన్నాడు. పక్కన ఇంకెవరో నవ్వడం కూడా వినపడింది. ఏమీ తెలియనిదాన్నేదో మొండిగా అడుగుతున్నట్టు నన్ను చూశారు. నోరులేని జీవి మనం కలిపిందల్లా నమ్మి తింటుంది, కడుపులో తేడా చేసినా చెప్పలేదు. దాని బదులు అడగాల్సింది మనమే. నేను అడిగిన అంకె ఆ సరుకు తయారుచేసేవాడి దగ్గర ఉండి తీరాలి. ఉండీ చెప్పకపోతే దాస్తున్నట్టు, లేకపోతే కొలవనట్టు. రెండిట్లో ఏదైనా ఆ సీసా కొనకూడదు. ఒక విడతకు ఈపీఏ ఎంత, డీహెచ్ఏ ఎంత, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఆ బ్యాచ్ పరీక్ష నివేదిక: ఈ ఐదూ ఇవ్వగలిగిన వాళ్ల దగ్గరే తీసుకున్నాను. 'ఒక విడత' అంటే ఒక క్యాప్సూలా, రెండా అన్నది కూడా చూసుకోండి. చాలా లేబుళ్ల మీద అంకె రెండింటిది.

ఆ ప్రతినిధే చివర్లో కాడ్ లివర్ ఆయిల్ వాడుకోమని సలహా ఇచ్చాడు. అది చేప కాలేయం నుంచి తీసే నూనె, విటమిన్ ఎ, డి దండిగా ఉంటాయి. ఒక చెంచాలోనే దాదాపు 400 ఐయూ విటమిన్ డి. కీళ్ల డోసుకు సరిపడా పోస్తే పైన చెప్పిన హద్దు దాటేస్తుంది. మనుషుల గమ్మీలు, నమిలే మాత్రలు అసలే వద్దు. వాటిలో తీపి కోసం జైలిటాల్ వేసి ఉండొచ్చు. కుక్కలో అది రక్తంలోని చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది.

కీళ్ల కోసమని అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మీద ఆధారాలు అటూ ఇటూ ఉన్నాయి, నేను వాటికి డబ్బు పెట్టలేదు. లావుగా ఉన్న కుక్కకు బరువు తగ్గించడం వాటన్నిటికన్నా మేలు. 48 లాబ్రడార్ల మీద జీవితాంతం చేసి 2002లో వెలువరించిన అధ్యయనంలో, 25 శాతం తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, మిగతావాటిది 11.2. కీళ్లవాతం కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది.

మొదటిరోజే పూర్తి డోసు పోయకండి. పావు వంతుతో మొదలుపెట్టి వారానికో మెట్టు పెంచండి. విరేచనం పలచబడితే వెనక మెట్టుకు వెళ్లండి. క్లోమం వాపు వచ్చిన కుక్కలకు డాక్టరు చెప్పకుండా నూనె వద్దు. ఆపరేషన్ ఉంటే ముందే చెప్పండి, ఈ నూనె ఎక్కువైతే రక్తం గడ్డకట్టడం, గాయం మానడం నెమ్మదించవచ్చు. కాల్షియం, ఇనుము, జింకు ఉన్న పొడి ఏదైనా పెడుతుంటే డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలతో కలిపి ఇవ్వొద్దు. ఆ లోహాలు మందును పట్టేసుకుని ఒంటికి ఎక్కనివ్వవు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

కొత్తవి ఒకేసారి రెండు మొదలుపెట్టకండి, దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. మొదలుపెట్టే ముందు కుక్క లేవడం, మెట్లెక్కడం ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. ఎనిమిది వారాలకు అదే చోట మళ్లీ తీసి, రెండూ డాక్టరుగారికి చూపించండి. తేడా లేకపోతే ఆపేయండి. డాక్టరు రాసిన నొప్పి మందును మాత్రం మీ అంతట మీరు తగ్గించొద్దు. సీసా తెరిచిన తేదీ దాని మీదే మార్కర్‌తో రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. నూనె చేప వాసన కాకుండా పాత రంగు డబ్బాలా ఘాటుగా కొడితే ఎంత మిగిలినా పారబోయండి.