ఐతుకు మీద నింద వేయకండి

యూత్ మీటింగులో ఎవరైనా అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం, అంటే త్రోయ పట్టణంలో పౌలు ప్రసంగం వింటూ నిద్రపోయి కిటికీలోంచి పడిన ఐతుకు అనే యౌవనుడి సంగతి, తీయమన్నారంటే నాకు ముందే దిగులు మొదలవుతుంది. తర్వాత ఏం చెప్పబోతున్నారో తెలుసు. "ఐతుకు ఎక్కడ కూర్చున్నాడు? కిటికీలో! ఒక కాలు సంఘంలో, ఒక కాలు లోకంలో! అందుకే నిద్రపోయాడు, అందుకే పడ్డాడు, అందుకే చచ్చాడు. మీలో ఎంతమంది ఐతుకులున్నారు?" అని మైకులో గట్టిగా అడుగుతారు. పిల్లలు తలలు దించుకుంటారు. కీబోర్డు మెల్లగా వాయిస్తూ చేతులెత్తమంటే ఎత్తుతారు. మరుసటి ఏడాది మళ్లీ అదే ప్రసంగం, మళ్లీ అవే చేతులు.

వాక్యంలో ఆ నింద ఎక్కడుంది? దయచేసి ఒకసారి 7 నుంచి 12 వరకు వచనాలు నెమ్మదిగా చదవండి.

ఈ పుస్తకం రాసిన లూకా ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. "మేము" అనే రాస్తున్నాడు. పైగా వైద్యుడు. పిల్లవాడు ఎందుకు పడ్డాడో ఆయనకంటే మనకు బాగా తెలుసా? ఆయన చెప్పినవి ఇవి: అది ఆదివారం, రొట్టె విరవడానికి కూడారు, పౌలు మరునాడు ప్రయాణమవ్వాలి, అందుకని ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగింది. "మేము కూడియున్న మేడగదిలో అనేక దీపములుండెను." ఈ ఒక్క మాటను మన ప్రసంగీకులు దాటేసి వెళ్లిపోతారు. అన్నీ నూనె దీపాలు. ఊరు విడిచి వెళ్లిపోతున్న అపొస్తలుణ్ణి చూడడానికి వచ్చిన జనం, మూడో అంతస్తు. ఎండాకాలం రాత్రి కరెంటు పోయినప్పుడు చిన్న గదిలో కాటేజీ ప్రేయర్‌కి కూర్చున్నవాళ్లకి ఆ ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కరలేదు. కాస్త గాలి వచ్చేది కిటికీ దగ్గరే. పెద్దవాళ్లు లోపల కూర్చుంటే కుర్రాడికి మిగిలిన చోటు కూడా అదేనేమో.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో ఆదివారం సెలవు కాదు. ఆదివారం విశ్రాంతి దినమని కాన్‌స్టంటైన్ చక్రవర్తి శాసనం చేసింది క్రీ.శ. 321లో. త్రోయలో ఆ రాత్రి గడిచిన రెండున్నర శతాబ్దాల తర్వాత. అంటే ఆ మేడగదిలో కూర్చున్న చాలామంది పగలంతా చాకిరీ చేసి వచ్చినవాళ్లే అయి ఉంటారు. ఐతుకు ఏ పని చేసేవాడో లూకా రాయలేదు. కానీ అర్ధరాత్రి దాకా కూర్చున్నాడని రాశాడు. ఇంట్లో పడుకోవచ్చు కదా, రాలేదా? వచ్చాడు. నిద్ర ముంచుకొస్తున్నా లేచి వెళ్లిపోలేదు. "నిద్రాభారమువలన జోగి" పడ్డాడని ఉంది. ఇందులో లోకాశ ఎక్కడుంది? ఒళ్లు అలిసిపోయింది, అంతే.

సండే స్కూలు పుట్టుక కూడా ఇలాంటి అలిసిపోయిన పిల్లల దగ్గరే. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ దాన్ని మొదలుపెట్టింది, వారమంతా పనిలో ఉండి ఆదివారం మాత్రమే ఖాళీ దొరికే పేద పిల్లల కోసం. చదవడం, రాయడం, వాక్యం అన్నీ ఆ ఒక్కరోజే. అలిసిపోయిన పిల్లలకి చోటివ్వడంతో మొదలైన పని మన చేతికొచ్చేసరికి అలిసిపోయిన పిల్లల్ని తిట్టే పని ఎలా అయింది?

మన పిల్లలు ఇప్పుడు ఫ్యాక్టరీలకు వెళ్లడం లేదు, నిజమే. జూనియర్ కాలేజీ హాస్టళ్లకు వెళ్తున్నారు. తెల్లవారకముందే లేపుతారు. స్టడీ అవర్లు రాత్రి దాకా. ఆదివారం కూడా టెస్టు. ఎంపీసీ వాడికి జేఈఈ, బైపీసీ పిల్లకి నీట్, ఇద్దరికీ ఎప్‌సెట్. ఎప్పుడో ఔటింగ్ ఇస్తారు. ఆ కాసేపట్లో ఇంటికొచ్చి, అమ్మ చేతి అన్నం తిని, మందిరానికి వస్తే ఫ్యాను కింద కన్ను మూతపడుతుంది. ఆ పిల్లవాడి పేరు పిలిచి నిలబెట్టి అందరిముందు సిగ్గుపరచడం సేవ అనిపించుకుంటుందా?

పౌలు ఏం చేశాడో చూడండి. "అంతట పౌలు క్రిందికి వెళ్లి అతనిమీద పడి కౌగిలించుకొని" అని ఉంది. చెప్పడానికి ఎంతో ఉంది, మళ్లీ ఈ సంఘాన్ని చూస్తాడో లేదో తెలియదు. అయినా ప్రసంగం ఆగింది. ఎవరినో పంపలేదు, ఆయనే మెట్లు దిగాడు. మూడంతస్తులు దిగి, నేలమీద పడి ఉన్నవాడి మీద పడి కౌగిలించుకున్నాడు. "చూశారా, నిద్రపోతే ఇదే గతి" అని పైనున్నవాళ్లకి పాఠం చెప్పలేదు. "మీరు తొందరపడకుడి, అతని ప్రాణమతనిలో నున్నది" అన్నాడు.

ఇక్కడ నాకు ఎప్పుడూ 2 రాజులు 4వ అధ్యాయం గుర్తుకొస్తుంది. షూనేమీయురాలి, అంటే షూనేము ఊరి స్త్రీ, కొడుకు పొలంలో తండ్రి దగ్గరికి వెళ్లి "నా తలపోయెనే, నా తలపోయెనే" అంటాడు. తండ్రి ఏమన్నాడు? పనివాణ్ణి పిలిచి వాణ్ణి తల్లి దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. కోత పనిలో ఉన్నాడు పాపం, తప్పుపట్టను. కానీ ఎంతమంది నాన్నలు ఇప్పుడు కూడా "అమ్మకి చెప్పు" అనే మాటతో సరిపెడుతున్నారో మీకే తెలుసు. మధ్యాహ్నం దాకా తల్లి ఒడిలో ఉండి ఆ బిడ్డ చనిపోయాడు. ఆమె పరుగున ఎలీషా ప్రవక్త దగ్గరికి వెళ్లింది. ఎలీషా ముందు తన దండాన్ని తన సేవకుడు గేహజీకిచ్చి పంపాడు, బిడ్డ ముఖం మీద పెట్టమని. గేహజీ పెట్టాడు. శబ్దం లేదు, కదలిక లేదు. బిడ్డ లేవలేదు.

దండం చిన్నదేమీ కాదు. ప్రవక్తది. తెచ్చినవాడు సొంత మనిషి. పెట్టమన్నచోటే పెట్టాడు. అయినా పని జరగలేదు. అప్పుడు ఎలీషా తానే వచ్చాడు. తలుపు వేసుకొని ప్రార్థన చేశాడు. తర్వాత మంచం ఎక్కి, తన నోరు వాడి నోటి మీద, తన కళ్లు వాడి కళ్ల మీద, తన చేతులు వాడి చేతుల మీద ఉంచి పడుకున్నాడు. అప్పుడు బిడ్డ ఒంటికి వెచ్చదనం వచ్చింది. వెంటనే కళ్లు తెరవలేదు. ఎలీషా లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు, మళ్లీ ఎక్కి పడుకున్నాడు. అప్పుడు గాని ఏడుసార్లు తుమ్మి కళ్లు తెరవలేదు వాడు. ఒక పెద్దమనిషి తన ఒంటి వేడిని చిన్నవాడికి ఇవ్వడం ఇది. ఎవరి చేతనో పంపగలిగేది కాదు. ఎంత ఓపిక కావాలో చూడండి, మహా ప్రవక్తకే రెండుసార్లు పట్టింది.

మనం పంపేవి చాలావరకు దండాలే. పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో వాగ్దాన వచనం. క్రిస్మస్‌కి స్కిట్టు. బైబిల్ క్విజ్‌కి షీల్డు. "సెల్‌ఫోన్ సాతాను ఆయుధం" అని ఒక స్పెషల్ మీటింగు, బయటి ప్రసంగీకుడు. ఇవి చెడ్డవని నేను అనడం లేదు, మా సంఘంలోనూ చేస్తాం. కానీ బిడ్డ లేవలేదు కదా, మరి ఎవరు వెళ్తారు?

మా యూత్‌లో ఒక బాబు ఉండేవాడు. సండే స్కూల్లో నా దగ్గరే చదువుకున్నాడు, కంఠత వాక్యాల్లో ఎప్పుడూ ముందే. ఇంటర్‌కి హాస్టల్లో వేశారు. రెండో సంవత్సరంలో ఒక ఔటింగ్ ఆదివారం ఆరాధనలో నిద్రపోతే ఒక పెద్దాయన మైకులోనే పేరు పెట్టి అన్నాడు. ఆ తర్వాత వాడు రాలేదు. ఇంటికొచ్చినా మందిరం వైపు చూడలేదు. మా పాస్టరు అయ్యగారు ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లారు. బైబిలు చంకలో పెట్టుకొని కాదు, ఊరికే. "డాబా మీదకి పోదాం పదరా" అన్నారు. ఆ రాత్రి ఏం మాట్లాడుకున్నారో నాకు అంతా తెలియదు. తర్వాత వాడే నాతో అన్నాడు: "అక్కా, అయ్యగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు ఫిజిక్స్ పోతుందని భయంగా ఉందని చెప్తే, ఆయనకీ డిగ్రీలో ఒక సబ్జెక్టు పోయిందని చెప్పారు." పరీక్షల మధ్య రోజుల్లో ఆయన వెళ్తూనే ఉన్నారు. వాడు అనుకున్నట్టే ఫిజిక్స్ పోయింది. సప్లిమెంటరీ రాశాడు. దేవుణ్ణి మాత్రం వదల్లేదు.

ఈ మాట రాస్తుంటే 2019 ఏప్రిల్ గుర్తొస్తోంది. తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన ఆ రోజుల్లో పిల్లల్ని పోగొట్టుకొని ఎంతమంది తల్లులు గుండెలు బాదుకున్నారో! ప్రతి ఏడూ ఫలితాల రోజున నాకు భయమే. పడిపోయినవాడి దగ్గరికి దిగి వెళ్లడం అనేది మన రాష్ట్రాల్లో ప్రసంగంలో చెప్పుకునే పోలిక మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన సంగతి. ఇది చదివే పిల్లల్లో ఎవరికైనా బతకాలని లేదనిపిస్తే, దయచేసి ఒంటరిగా ఉండకు. ఇంట్లో చెప్పు, అయ్యగారికి చెప్పు, అమ్మగారికి చెప్పు. ఎవరికీ చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బు అక్కర్లేదు. ఫోన్ చేస్తే విశ్వాసం తగ్గినట్టు కాదు.

మళ్లీ త్రోయకి వస్తాను, ఎందుకంటే నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇంకా చెప్పలేదు. 4, 5 వచనాలు చూడండి. పౌలుకంటే ముందుగా త్రోయకి వెళ్లి కనిపెట్టుకొని ఉన్నవాళ్ల పేర్లున్నాయి. సోపత్రు, అరిస్తర్కు, సెకుందు, గాయు, తిమోతి, తుకికు, త్రోఫిము. తిమోతి! ఆ మేడగదిలో తిమోతి కూడా ఉన్నాడన్నమాట. తన గురువు ప్రసంగం ఆపి మెట్లు దిగడం ఆ యౌవనుడు చూశాడు. నేలమీద ఉన్న మరో యౌవనుణ్ణి కౌగిలించుకోవడం చూశాడు. ఆ తర్వాత ఎప్పుడో ఆయన దగ్గరి నుంచి ఉత్తరం వచ్చింది: "నీ యౌవనమునుబట్టి ఎవడును నిన్ను తృణీకరింపనియ్యకుము." మనం ఈ వచనాన్ని యూత్ టీషర్టుల మీద వేయించుకుంటాం, ఫ్లెక్సీల మీద రాయిస్తాం. రాసినవాడు ఒక కుర్రాణ్ణి తృణీకరించకుండా దగ్గరికి తీసుకున్నాడని తిమోతికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. కళ్లారా చూశాడు. అలాంటి మనిషి చెప్తేనే, "మాటలోను, ప్రవర్తనలోను, ప్రేమలోను, విశ్వాసములోను, పవిత్రతలోను" మాదిరిగా ఉండు అన్న మాట భారంగా కాక ధైర్యంగా వినబడుతుంది.

పెద్దలారా, మనం మెట్లు దిగకుండా ఈ వచనం చదివించే హక్కు మనకి లేదు.

అలాగని వాక్యం తగ్గించమని నేను అనడం లేదు. ఈ మధ్య ఇంకో ధోరణి వచ్చింది, పిల్లలకి బోర్ కొడుతుందని గేములు, లైట్లు, సౌండు, పది నిమిషాల మాట. పౌలు అలా చేయలేదు. మళ్లీ పైకి వెళ్లి, రొట్టె విరిచి పుచ్చుకొని, తెల్లవారేవరకు మాట్లాడాడు. ఒకడు పడ్డాడు కదా అని సువార్తను కుదించలేదు. మన పిల్లలకి లోతైన వాక్యం కావాలి. రోమా పత్రిక కావాలి, యోబు కావాలి. క్యాలిక్యులస్ చేసేవాళ్లకి యోబు అర్థం కాదా?

ఇక నీతో, తమ్ముడూ, చెల్లీ. నీ కష్టం నాకు తెలుసు. కొందరికి కాలేజీ రిజిస్టర్‌లో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. ఫ్రెండ్స్ "మీరు క్రిస్టియన్సా?" అని అడిగినప్పుడు ఏం చెప్పాలో ముందు ఇంట్లో అడగాలి. స్లిప్ టెస్టులో పక్కవాడు పేపరు చూపిస్తానంటే వద్దన్నందుకు నిన్ను ఏడిపిస్తారు. రాత్రి దుప్పటి కింద ఫోన్‌లో ఏముందో నీకూ దేవునికీ తెలుసు. పెద్ద పెద్ద తీర్మానాలు చేయమని అడగను, చేతులెత్తమనీ అనను. హాస్టల్లో లేవగానే ఒక్క కీర్తన చదువు. 3వ కీర్తనతో మొదలుపెట్టు, "నేను పండుకొని నిద్రపోయి మేలుకొందును" అని ఉంటుంది అందులో, నిద్రను కూడా దేవుడే కాపాడతాడు. కాపీ కొట్టకు, తక్కువ మార్కులొచ్చినా సరే. పాపంలో పడితే దాచుకొని కుళ్లిపోకు, నమ్మదగిన ఒక పెద్దవాళ్లకి చెప్పు. నీ రూములో ఎవడైనా మూడు రోజులుగా ముద్ద ముట్టకపోతే ముందు నువ్వే అడుగు. పౌలు వచ్చేదాకా ఆగక్కర్లేదు, వాడి దగ్గరికి దిగి వెళ్లేవాడివి నువ్వే కావచ్చు. ఔటింగ్ ఇస్తే మందిరానికి రా. ఆలస్యమైనా రా. నిద్రొస్తే నిద్రపో, నిన్ను ఎవరైనా ఏమైనా అంటే వాళ్లతో నేను మాట్లాడతాను.

సంఘ పెద్దలకి, యూత్ నడిపించేవాళ్లకి ఒక మనవి. హాస్టల్ పిల్లలకి ఎప్పుడు ఔటింగ్ ఇస్తారో తెలుసుకొని ఆ ఆదివారం సాయంత్రమే యూత్ కూడిక పెట్టండి. ముందు భోజనం పెట్టండి, తర్వాత వాక్యం చెప్పండి. క్రిస్మస్ క్యారల్స్‌కి పిల్లల్ని తెల్లవార్లూ వీధులు తిప్పకండి, మరునాడు వాళ్లకి పరీక్షలుంటాయి. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు మీ సంఘంలో రాసిన ప్రతి పిల్లవాడి ఇంటికి, పాసైనా ఫెయిలైనా, ఆ సాయంత్రంలోగా ఒకరు వెళ్లండి. ఫోన్ కాదు, మనిషి వెళ్లాలి. ఎవరి ఇంటికి ఎవరు వెళ్లాలో పరీక్షలు మొదలవ్వకముందే పేర్లు రాసి పెట్టుకోండి.